ఆంత్రమూలపు పుండు: నొప్పి తగ్గడం నుంచి జబ్బు నయం కావడం వరకు

ఆంత్రమూలంలో పుండు పడినవారు సాధారణంగా మూడు వేర్వేరు విషయాలను ఒకటిగా భావిస్తారు: నొప్పి తగ్గడం, పుండు మానడం, జబ్బు నయం కావడం. యాసిడ్‌ను తగ్గించే మాత్ర మొదలుపెట్టిన కొద్ది రోజుల్లోనే నొప్పి తగ్గుముఖం పడుతుంది. పుండు మానడానికి మాత్రం 4 నుంచి 8 వారాలు పడుతుంది. ఆ పుండుకు కారణమేమిటో తెలుసుకుని, దాన్ని తొలగించి, తొలగిపోయిందని పరీక్షతో రూఢి చేసుకున్నప్పుడే జబ్బు నయమైనట్టు లెక్క. మొదటి మజిలీలోనే ఆగిపోయి, నొప్పి వచ్చినప్పుడల్లా మాత్ర వేసుకుంటూ ఏళ్లు గడిపేవారు చాలామంది ఉన్నారు. అలా గడపవలసిన అవసరం ఇప్పుడు దాదాపు ఎవరికీ లేదు. ఈ వ్యాసం ఆ మూడు మజిలీలను వరుసగా దాటే దారిని చెబుతుంది. ఇందులోని మందుల పేర్లు, మోతాదులు వైద్యుడు రాసిచ్చిన చీటీని అర్థం చేసుకోవడానికే తప్ప సొంతంగా కొని వాడుకోవడానికి కాదు.

పుండు ఎక్కడ పడుతుంది, ఎందుకు పడుతుంది

జీర్ణాశయం కింది ద్వారం దాటగానే మొదలయ్యే చిన్నపేగు తొలి భాగమే ఆంత్రమూలం. దీన్నే డుయోడినం అంటారు. దీని పొడవు సుమారు 25 సెంటీమీటర్లు. పుండ్లలో అత్యధిక భాగం ఈ పొడవంతటా కాక, ద్వారానికి ఆనుకుని ఉన్న మొదటి కొద్ది సెంటీమీటర్లలోనే పడతాయి, ఎందుకంటే జీర్ణాశయం నుంచి దిగే యాసిడ్ ధాటిని ముందుగా తట్టుకోవలసింది ఆ చోటే. మామూలు పరిస్థితుల్లో పలుచని జిగురుపొర, దానిలోని బైకార్బొనేట్ ఆ గోడను కాపాడతాయి. ఆ రక్షణ దెబ్బతిన్నప్పుడో, యాసిడ్ మితిమీరినప్పుడో లోపలి పొర కోసుకుపోయి పుండు ఏర్పడుతుంది.

ఆ రక్షణను దెబ్బతీసేవి ముఖ్యంగా రెండు. మొదటిది హెలికోబ్యాక్టర్ పైలోరీ అనే బ్యాక్టీరియా. ఇది జీర్ణాశయపు జిగురుపొరలో నివసిస్తూ, యూరియేజ్ అనే ఎంజైముతో తన చుట్టూ అమోనియా తయారుచేసుకుని యాసిడ్ నుంచి తప్పించుకుంటుంది. జీర్ణాశయం కింది భాగంలో అది రేపే వాపు వల్ల గ్యాస్ట్రిన్ హార్మోను పెరిగి, యాసిడ్ ఉత్పత్తి హెచ్చుతుంది. రెండవది నొప్పి మాత్రలు: ఆస్పిరిన్, ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్, నాప్రోక్సెన్ వంటివి. ఇవి శరీరంలో ప్రోస్టాగ్లాండిన్లు తయారు కాకుండా అడ్డుకుంటాయి. జిగురుపొరను, గోడకు చేరే రక్తప్రసరణను నిలబెట్టేది ఆ ప్రోస్టాగ్లాండిన్లే. నొప్పి మాత్రలు చేసే హాని రక్తం ద్వారా జరుగుతుంది కనుక, భోజనం తరువాత వేసుకున్నా, ఇంజెక్షన్‌గా తీసుకున్నా, పైన పూత ఉన్న ఆస్పిరిన్ వాడినా ప్రమాదం పూర్తిగా పోదు. ఈ ఒక్క సంగతి తెలియకపోవడం వల్లే ఎంతోమంది పుండ్లు మానకుండా ఉండిపోతున్నాయి.

మరి మసాలాలు, మానసిక ఒత్తిడి? 1970ల వరకు పుండుకు ఇవే కారణాలని వైద్యులు సైతం నమ్మేవారు, జీర్ణాశయ నరాలను కత్తిరించే శస్త్రచికిత్సలు విరివిగా చేసేవారు. ఆస్ట్రేలియాలోని పెర్త్ నగరంలో రాబిన్ వారెన్, బ్యారీ మార్షల్ అనే వైద్యులు 1982లో ఈ బ్యాక్టీరియాను ప్రయోగశాలలో పెంచగలిగారు. నమ్మనివారికి రుజువు చూపడానికి మార్షల్ 1984లో ఆ బ్యాక్టీరియా ఉన్న ద్రావణాన్ని స్వయంగా తాగి, జీర్ణాశయపు వాపు తెచ్చుకున్నాడు. 2005లో ఆ ఇద్దరికీ నోబెల్ బహుమతి లభించింది. అయినా పాత నమ్మకం ఇంకా వదల్లేదు. కారం మానేసి, మనసు కుదుటపరచుకుంటే చాలునని సలహా ఇచ్చేవారు ఇప్పటికీ కనిపిస్తారు. ఆ సలహా వల్ల నేరుగా హాని లేకపోవచ్చు కానీ, అది అసలు కారణాన్ని వెతకడంలో కలిగించే జాప్యం మాత్రం హానికరమే.

మొదటి మెట్టు: ఇంట్లో ఆగకూడని పరిస్థితులను గుర్తించడం

మిగతా మెట్లన్నీ తీరికగా ఎక్కవచ్చు, దీన్ని మాత్రం మొదటే చూసుకోవాలి. పుండు లోతుకు పోయి వెనుకవైపు రక్తనాళాన్ని తాకితే రక్తస్రావం అవుతుంది, ముందువైపు గోడను తొలిస్తే పేగుకు రంధ్రం పడుతుంది. వాంతిలో ఎర్రటి రక్తం గానీ కాఫీపొడి రంగు ముక్కలు గానీ కనిపించినా, మలం తారు వలె నల్లగా, జిగటగా, దుర్వాసనతో వస్తున్నా, లేచి నిలబడగానే కళ్లు తిరిగి చెమటలు పడుతున్నా రక్తం పోతున్నట్టు భావించి వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. ఐరన్ మాత్రలు, పుండు చికిత్సలో వాడే బిస్మత్ మందులు కూడా మలాన్ని నల్లగా చేస్తాయి. కానీ ఆ నలుపులో జిగట, ఆ ప్రత్యేకమైన దుర్వాసన ఉండవు. తేడా తెలియనప్పుడు రక్తస్రావమనే అనుకోవడం క్షేమం.

రంధ్రం పడినప్పుడు నొప్పి తీరు వేరుగా ఉంటుంది. అది క్రమంగా పెరగదు, ఏ నిమిషాన మొదలైందో రోగి చెప్పగలిగేంత ఆకస్మికంగా వస్తుంది. కొద్దిసేపట్లోనే పొట్టంతా వ్యాపించి, కండరాలు బిగుసుకుపోతాయి. కదిలితే భరించలేక రోగి కదలకుండా పడుకుంటాడు, కొందరికి భుజం కొన వరకు నొప్పి పాకుతుంది. ఆ స్థితిలో నోటి ద్వారా ఏమీ ఇవ్వకూడదు, యాసిడ్ మాత్రలు కూడా ఇవ్వకూడదు. దీనికి చాలామందిలో అత్యవసర శస్త్రచికిత్స తప్పదు, ఆలస్యమయ్యేకొద్దీ ప్రాణాపాయం పెరుగుతుంది.

గంటల క్రితం తిన్న ఆహారం జీర్ణం కాకుండా పదేపదే వాంతి అవుతుంటే జీర్ణాశయం కింది ద్వారం మూసుకుపోతున్నదని అనుమానించాలి. కారణం లేకుండా బరువు తగ్గడం, మింగడం కష్టం కావడం, రక్తహీనత బయటపడటం, 55–60 ఏళ్లు దాటాక జీవితంలో మొదటిసారి ఇటువంటి నొప్పి రావడం కూడా మందులతో ప్రయోగాలు చేయకుండా నేరుగా ఎండోస్కోపీ చేయించుకోవలసిన పరిస్థితులే. మరొక హెచ్చరిక: పొట్ట పైభాగంలో నొప్పితోపాటు ఆయాసం, చెమటలు, దవడకో చేతికో పాకే బరువు ఉంటే, లేదా నడిచినప్పుడు నొప్పి వచ్చి కూర్చుంటే తగ్గుతుంటే, గుండె పరీక్ష ముందు జరగాలి. దాన్ని గ్యాస్ నొప్పి అని కొట్టిపారేయడం ప్రాణాల మీదికి తెస్తుంది.

రెండవ మెట్టు: నొప్పి తీరును గమనించి రాసిపెట్టుకోవడం

ఆంత్రమూలపు పుండు నొప్పి సాధారణంగా రొమ్ము ఎముక కిందికి, బొడ్డుకు పైన, మధ్యలో ఒకే చోట వేలితో చూపించగలిగేలా ఉంటుంది. కొందరు దాన్ని మంట అంటారు, కొందరు లోపల కొరికినట్టు ఉందంటారు, మరికొందరికి అది విపరీతమైన ఆకలిలా అనిపిస్తుంది. భోజనం చేసిన 2 నుంచి 5 గంటల తరువాత, కడుపు ఖాళీ అయినప్పుడు మొదలవుతుంది. అర్ధరాత్రి దాటాక, యాసిడ్ స్రావం ఎక్కువగా ఉండే వేళ నిద్రలోంచి లేపుతుంది. లేచి ఏదైనా తింటేనో, యాసిడ్‌ను విరిచే యాంటాసిడ్ మందు తాగితేనో కాసేపు శాంతిస్తుంది. జీర్ణాశయంలోని పుండు నొప్పి తినగానే పెరగవచ్చు కాబట్టి ఈ వేళలు వైద్యుడికి ఉపయోగపడతాయి. అయితే నొప్పి తీరును బట్టి పుండు ఎక్కడుందో కచ్చితంగా తేల్చలేము, పుండు ఉందో లేదో కూడా తేల్చలేము. పిత్తాశయ రాళ్లు, క్లోమగ్రంథి వాపు, పుండు లేని అజీర్తి ఇలాగే కనిపించవచ్చు. ముఖ్యంగా వృద్ధుల్లో, నొప్పి మాత్రలు వాడేవారిలో ఏ నొప్పీ లేకుండా పుండు పెరిగి, ఒక్కసారిగా రక్తస్రావంతో బయటపడటం అరుదు కాదు.

వైద్యుడి వద్దకు వెళ్లేముందు ఒక కాగితం మీద కొన్ని సంగతులు రాసుకోండి: నొప్పి ఏ వేళల్లో వస్తుంది, ఏది తింటే తగ్గుతుంది, నిద్రలోంచి లేపుతుందా, మునుపు పుండు ఉన్నదా, పొగతాగే అలవాటు ఉన్నదా. అన్నిటికంటే విలువైన సమాచారం, గత కొద్ది వారాల్లో వేసుకున్న ప్రతి మాత్ర పేరు. తలనొప్పికి, జలుబుకు, ఒంటినొప్పులకు చీటీ లేకుండా కొన్నవాటిని కూడా ఇందులో చేర్చాలి. జలుబు, జ్వరాలకు అమ్మే మిశ్రమ మాత్రల్లో ఐబుప్రోఫెనో ఆస్పిరినో దాగి ఉండటం మామూలే. పేర్లు గుర్తులేకపోతే ఖాళీ స్ట్రిప్పులు తీసుకువెళ్లండి.

మూడవ మెట్టు: సరైన పరీక్షలు, సరైన సమయంలో

పుండును కళ్లతో చూసి నిర్ధారించేది ఎండోస్కోపీ. చివర కెమెరా ఉన్న సన్నని గొట్టాన్ని నోటి ద్వారా పంపి అన్నవాహిక, జీర్ణాశయం, ఆంత్రమూలం వరుసగా చూస్తారు. ఆసుపత్రి చెప్పిన గంటల పాటు ఏమీ తినకుండా వెళ్లాలి. గొంతుకు మొద్దుబారే స్ప్రే కొట్టడమో, మత్తు ఇవ్వడమో చేస్తారు, అసలు పరీక్ష కొద్ది నిమిషాల్లో అయిపోతుంది. మత్తు తీసుకుంటే వెంట ఒకరు ఉండాలి, ఆ రోజు వాహనం నడపకూడదు. ఆంత్రమూలపు పుండ్లు క్యాన్సర్ కావడం చాలా అరుదు కనుక చాలామందికి రెండవసారి ఎండోస్కోపీ అవసరం రాదు. జీర్ణాశయంలోని పుండు విషయం వేరు, అక్కడ ముక్క తీసి పరీక్షించడం, మానిందో లేదో మళ్లీ చూడటం ముఖ్యం. వయసు తక్కువగా ఉండి, ప్రమాద సూచనలు లేనివారికి ఎండోస్కోపీ లేకుండానే బ్యాక్టీరియా పరీక్ష చేసి చికిత్స మొదలుపెట్టడం కూడా ఆమోదిత పద్ధతే.

బ్యాక్టీరియాను పట్టుకునే పరీక్షల్లో నమ్మదగినవి మూడు: ఎండోస్కోపీలో తీసిన ముక్కపై చేసే పరీక్ష, మలంలో ఆ బ్యాక్టీరియా ఆనవాళ్లను (యాంటిజెన్) వెతికే పరీక్ష, యూరియా శ్వాస పరీక్ష. శ్వాస పరీక్షలో గుర్తు పెట్టిన కార్బన్ ఉన్న యూరియాను మింగిస్తారు. బ్యాక్టీరియా ఉంటే అది యూరియాను విడగొడుతుంది, ఆ కార్బన్ ఊపిరిలో బయటపడుతుంది. బ్యాక్టీరియాను ఎదుర్కోవడానికి శరీరం తయారుచేసే యాంటీబాడీలను రక్తంలో వెతికే పరీక్ష వీటికి సాటిరాదు, ఎందుకంటే బ్యాక్టీరియా పోయిన తరువాత కూడా అది నెలల తరబడి, కొందరిలో ఏళ్ల తరబడి పాజిటివ్‌గానే ఉంటుంది.

ఇక్కడే చాలా పరీక్షలు పాడవుతాయి. యాసిడ్‌ను తగ్గించే పాంటోప్రజోల్, ఒమెప్రజోల్ వంటి మాత్రలు బ్యాక్టీరియాను చంపకుండానే అణచిపెడతాయి కాబట్టి పరీక్ష తప్పుగా నెగెటివ్ వస్తుంది. ఆ మాత్రలను పరీక్షకు 2 వారాల ముందు, యాంటీబయాటిక్‌లను, బిస్మత్‌ను 4 వారాల ముందు ఆపి ఉండాలి. ఆపడం సాధ్యం కాని స్థితిలో పరీక్ష చేస్తే, పాజిటివ్ వచ్చిన ఫలితాన్ని నమ్మవచ్చు కానీ నెగెటివ్‌ను నమ్మి కూర్చోకూడదు. రక్తస్రావం జరుగుతున్నప్పుడు చేసిన పరీక్షకూ ఇదే వర్తిస్తుంది, తరువాత మరోసారి చేయించాలి.

నాలుగవ మెట్టు: యాసిడ్‌ను అణచే మాత్రను సరిగ్గా వేసుకోవడం

పుండు మాన్పే ప్రధాన మందులు పీపీఐలుగా పిలిచే ప్రోటాన్ పంప్ నిరోధకాలు: ఒమెప్రజోల్ 20 మిల్లీగ్రాములు, పాంటోప్రజోల్ 40, రాబెప్రజోల్ 20, లాన్సొప్రజోల్ 30, ఎసోమెప్రజోల్ 20 లేదా 40. వీటి మధ్య గుణంలో తేడా స్వల్పం. వేసుకునే వేళ వల్ల వచ్చే తేడా మాత్రం స్వల్పం కాదు. జీర్ణాశయపు గోడలోని కణాల్లో యాసిడ్‌ను బయటికి నెట్టే పంపులు ఉంటాయి. ఈ మందు పనిచేస్తున్న పంపులనే శాశ్వతంగా మూయగలదు, విశ్రాంతిలో ఉన్నవాటిని తాకలేదు. రాత్రంతా ఖాళీ కడుపుతో ఉండి ఉదయం తినగానే అత్యధిక సంఖ్యలో పంపులు మేలుకొంటాయి, కాబట్టి ఆ సమయానికి మందు రక్తంలో ఉండాలి. అందుకే ఉదయం తినడానికి 30 నుంచి 60 నిమిషాల ముందు వేసుకోవాలి. పరగడుపున మాత్ర వేసుకుని మధ్యాహ్నం వరకు ఏమీ తినకపోయినా, రాత్రి నిద్రపోయే ముందు వేసుకున్నా దాని శక్తిలో చాలా భాగం వృథా అవుతుంది. మాత్రను నమలకూడదు, చూర్ణం చేయకూడదు, దాని మీది పూత మందును యాసిడ్ బారి నుంచి కాపాడటానికే ఉంది.

మొదటి రోజునే పూర్తి ఫలితం ఆశించవద్దు. ఒక మోతాదు కొన్ని పంపులనే మూస్తుంది, పూర్తి స్థాయి ప్రభావం రావడానికి 3 నుంచి 5 రోజులు పడుతుంది. రెండు రోజులు వాడి పనిచేయలేదని మందు మార్చేవారు, వారంలో నొప్పి పోయిందని ఆపేసేవారు, ఇద్దరూ పుండును సగంలో వదిలేసినవారే. ఎన్ని వారాలు వాడాలనేది కారణాన్ని బట్టి ఉంటుంది. నొప్పి మాత్రల వల్ల వచ్చిన పుండుకు సాధారణంగా 8 వారాలు ఇస్తారు. బ్యాక్టీరియా వల్ల వచ్చిన, ఉపద్రవాలు లేని పుండుకు కొన్నిసార్లు యాంటీబయాటిక్ కోర్సుతో పాటు వాడిన 2 వారాలే సరిపోతాయి. ఆ నిర్ణయం చికిత్స చేస్తున్న వైద్యుడిదే.

గుండె రక్తనాళాల కోసం క్లోపిడోగ్రెల్ వాడుతున్నవారు ఆ సంగతి తప్పక చెప్పాలి, ఎందుకంటే ఒమెప్రజోల్, ఎసోమెప్రజోల్ దాని పనిని తగ్గిస్తాయి. వారికి పాంటోప్రజోల్ వంటివి ఎంచుకుంటారు. యాసిడ్‌ను మరో విధంగా తగ్గించే ఫామోటిడిన్ వంటి హెచ్2 నిరోధకాలు కూడా పుండును మాన్పగలవు, కానీ పీపీఐల కంటే నెమ్మదిగా. ఈ వర్గంలో మొదటి మందైన సిమెటిడిన్ 1976లో వచ్చాకే శస్త్రచికిత్సల అవసరం తగ్గడం మొదలైంది.

అయిదవ మెట్టు: బ్యాక్టీరియా ఉంటే 14 రోజుల కోర్సు

జబ్బు నయం కావడమా, తిరగబెట్టడమా అన్నది చాలావరకు ఈ రెండు వారాల మీద ఆధారపడి ఉంటుంది. బ్యాక్టీరియాను వదిలేసి యాసిడ్ మాత్రలతోనే పుండును మాన్పితే, సగానికి పైగా రోగుల్లో ఏడాదిలోపే మళ్లీ పుండు పడుతుంది. దాన్ని నిర్మూలిస్తే తిరగబెట్టడం చాలా అరుదవుతుంది.

ఒకప్పుడు క్లారిత్రోమైసిన్, అమాక్సిసిలిన్, పీపీఐ కలిపిన మూడు మందుల కోర్సు అందరికీ ఇచ్చేవారు. క్లారిత్రోమైసిన్‌కు లొంగని బ్యాక్టీరియా అనేక ప్రాంతాల్లో పెరగడంతో, అది పనిచేస్తుందని తెలిసిన సందర్భాలకే ఆ కోర్సును పరిమితం చేస్తున్నారు. ఇప్పుడు ఎక్కువగా సిఫారసు చేసేది బిస్మత్‌తో కూడిన నాలుగు మందుల కోర్సు: పీపీఐ రోజుకు రెండుసార్లు, బిస్మత్ నాలుగుసార్లు, టెట్రాసైక్లిన్ 500 మిల్లీగ్రాములు నాలుగుసార్లు, మెట్రోనిడజోల్ 500 మిల్లీగ్రాములు మూడు లేదా నాలుగుసార్లు, మొత్తం 14 రోజులు. పెనిసిలిన్ పడనివారికి కూడా ఇది సరిపోతుంది.

ఇన్ని మాత్రలను రోజువారీ జీవితంలో ఎలా ఇముడ్చుకోవాలో ముందే ఆలోచించుకోవాలి. ఉదయం తినడానికి అరగంట ముందు పీపీఐ. తిన్న వెంటనే మిగతా మూడు. మధ్యాహ్న భోజనం తరువాత మళ్లీ ఆ మూడు. రాత్రి భోజనానికి అరగంట ముందు రెండవ పీపీఐ, భోజనం కాగానే మూడు. చివరి విడత నిద్రకు ముందు. ఈ చివరి విడత దగ్గర ఒక జాగ్రత్త ఉంది: టెట్రాసైక్లిన్ గొంతు కిందనే అంటుకుని ఉండిపోతే అన్నవాహికలో పుండు చేస్తుంది, కాబట్టి నిలబడో కూర్చునో నిండు గ్లాసు నీళ్లతో మింగి, కనీసం అరగంట పాటు పడుకోకుండా ఉండాలి. పాలు, కాల్షియం, ఐరన్ మాత్రలు టెట్రాసైక్లిన్‌ను రక్తంలోకి ఎక్కనివ్వవు, వాటికి దానికీ మధ్య కొన్ని గంటల వ్యవధి ఉంచండి. 14 రోజుల పట్టిక గీసి గోడకు అంటించి, వేసుకున్న ప్రతి విడతనూ టిక్కు పెట్టడం చిన్నపనిలా కనిపిస్తుంది కానీ, చిన్న చిన్న మరుపులే కోర్సును విఫలం చేస్తాయి, మిగిలిన బ్యాక్టీరియాను మందుకు లొంగనిదిగా మారుస్తాయి.

నోట్లో లోహపు రుచి, వికారం, పలుచటి విరేచనాలు, నాలుక, మలం నల్లబడటం ఎదురవుతాయి. వీటి గురించి ముందుగా చెబితే చాలామంది ఓర్చుకుంటారు, చెప్పకపోతే భయపడి మూడవ రోజే ఆపేస్తారు. దద్దుర్లు, ముఖం వాపు, ఊపిరి ఆడకపోవడం, తీవ్రమైన విరేచనాలు మాత్రం ఓర్చుకునేవి కావు, వెంటనే వైద్యుడికి చెప్పాలి. మెట్రోనిడజోల్ వాడుతున్నన్ని రోజులూ, ఆపాక కనీసం 3 రోజులూ మద్యం ముట్టకూడదు. గర్భిణులకు, చిన్నపిల్లలకు టెట్రాసైక్లిన్ ఇవ్వరు. వార్ఫరిన్ వాడేవారిలో మెట్రోనిడజోల్ రక్తాన్ని మరింత పలుచన చేస్తుంది. కొన్ని కొలెస్టరాల్ మాత్రలకు క్లారిత్రోమైసిన్‌తో పొసగదు. ఆస్పిరిన్ పడనివారు బిస్మత్ సబ్‌శాలిసిలేట్ తీసుకోకూడదు. అందుకే వాడుతున్న మందుల పూర్తి జాబితా వైద్యుడి ముందు ఉండాలి.

ఆరవ మెట్టు: నొప్పి మాత్రల సంగతి తేల్చడం

సాధ్యమైనంతవరకు వాటిని ఆపాలి. సాధారణ నొప్పులకు, జ్వరానికి పారాసిటమాల్ వాడవచ్చు. పెద్దవారిలో రోజుకు మొత్తం 4 గ్రాములు మించకూడదు, కాలేయ జబ్బు ఉన్నవారికి, మద్యం ఎక్కువగా తాగేవారికి ఆ పరిమితి ఇంకా తక్కువ. కీళ్లవాతం వంటి జబ్బులకు పుండు తెచ్చే ఆ నొప్పి మాత్రలే తప్పనిసరైతే, వాటిలో జీర్ణాశయానికి తక్కువ హాని చేసే సెలెకాక్సిబ్ వంటిదాన్ని తక్కువ మోతాదులో పీపీఐతో కలిపి ఇవ్వడం వంటి మార్గాలు ఉన్నాయి. వీటిని గుండె, మూత్రపిండాల స్థితి చూసి వైద్యుడు నిర్ణయిస్తాడు. మిసోప్రోస్టాల్ కూడా రక్షణ ఇస్తుంది కానీ గర్భిణులకు అది పూర్తిగా నిషిద్ధం.

గుండెపోటు, స్టెంట్, పక్షవాతం తరువాత వైద్యుడి సలహాపై ఆస్పిరిన్ వాడుతున్నవారు దాన్ని సొంతంగా ఆపకూడదు. ఈ మాట నొక్కి చెప్పడానికి కారణం ఉంది: పుండు భయంతో ఆస్పిరిన్ మానేసి, స్టెంట్ మూసుకుపోయి ప్రాణం మీదికి తెచ్చుకునే ప్రమాదం నిజమైనది. పుండు నుంచి రక్తస్రావం అయినవారికి కూడా, అది అదుపులోకి వచ్చిన కొద్ది రోజుల్లోనే పీపీఐ రక్షణతో ఆస్పిరిన్‌ను మళ్లీ మొదలుపెడతారు.

మందు పనిచేసేలోపు నొప్పికి ఉపశమనం

మొదటి కొద్ది రోజులు, ముఖ్యంగా రాత్రులు, కష్టంగా గడుస్తాయి. యాంటాసిడ్ ద్రవాలు నిమిషాల్లో పనిచేస్తాయి కానీ వాటి ప్రభావం త్వరగానే తగ్గిపోతుంది. భోజనమైన గంట తరువాత, నిద్రకు ముందు తీసుకుంటే కొంత ఎక్కువసేపు నిలుస్తుంది. అల్యూమినియం ఉన్నవి మలబద్ధకం, మెగ్నీషియం ఉన్నవి విరేచనాలు కలిగిస్తాయి, రెండూ కలిపినవి కొంత సమతూకంగా ఉంటాయి. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు వైద్యుడిని అడగకుండా ఇవి వాడకూడదు, అధిక రక్తపోటు, గుండె జబ్బు ఉన్నవారికి సోడియం బైకార్బొనేట్ మంచిది కాదు. ఇతర మందులకు, యాంటాసిడ్‌కు మధ్య 2 గంటల ఎడం ఉంచండి. సుక్రాల్‌ఫేట్ పుండుపై పొరలా అంటుకుని కాపాడుతుంది, దాన్ని ఖాళీ కడుపుతోనే తీసుకోవాలి. నొప్పి భరించలేక డైక్లోఫెనాక్ ఇంజెక్షన్ చేయించుకోవడం మాత్రం పుండును మరింత కెలకడమే.

తిండి, పొగ, మద్యం

20వ శతాబ్దం తొలి దశకాల్లో రోగులకు గంటగంటకూ పాలు, మీగడ ఇచ్చే ఆహార విధానం ప్రాచుర్యంలో ఉండేది. పాలు కాసేపు ఉపశమనం ఇస్తాయి, కానీ వాటిలోని ప్రోటీన్, కాల్షియం ఆ తరువాత యాసిడ్‌ను పెంచుతాయి. చప్పిడి తిండి పుండును త్వరగా మాన్పుతుందనడానికి ఆధారం లేదు. ఏ పదార్థం తింటే బాధ పెరుగుతుందో దాన్ని మానేస్తే చాలు, మిగతావన్నీ తినవచ్చు. అనవసరమైన నిషేధాల వల్ల తిండి తగ్గి, నీరసించి, పుండు మానడానికి కావలసిన పోషణ అందకపోవడమే ఎక్కువ నష్టం. నిద్రపోయే ముందు తినడం మానేయడం మేలు, అది రాత్రివేళ యాసిడ్‌ను రేపుతుంది.

పొగ విషయంలో ఇంత ఉదారత కుదరదు. పొగతాగేవారిలో పుండు ఆలస్యంగా మానుతుంది, మానినది మళ్లీ వచ్చే అవకాశం, ఉపద్రవాల ముప్పు రెండూ పెరుగుతాయి. తిండిలో పది మార్పులు చేసుకుంటూ సిగరెట్టు వదలనివారు తమ శ్రమను తప్పుచోట పెడుతున్నట్టే. మద్యం లోపలి పొరను దెబ్బతీస్తుంది, రక్తస్రావం ముప్పు పెంచుతుంది, కాబట్టి పుండు మానేవరకు పూర్తిగా దూరంగా ఉండాలి.

నయమైందని రూఢి చేసుకోవడం

ఎక్కువమంది వదిలేసే మెట్టు ఇదే. యాంటీబయాటిక్ కోర్సు ముగిసిన కనీసం 4 వారాల తరువాత, పీపీఐ ఆపి 2 వారాలు గడిచాక, శ్వాస పరీక్షతో గానీ మలపరీక్షతో గానీ బ్యాక్టీరియా పోయిందని నిర్ధారించుకోవాలి. నొప్పి లేకపోవడం రుజువు కాదు, బ్యాక్టీరియా ఉండగానే నొప్పి తగ్గిపోవచ్చు. ఆ రెండు వారాల్లో ఇబ్బంది అనిపిస్తే యాంటాసిడ్‌తో గడపవచ్చు. పరీక్ష మళ్లీ పాజిటివ్ వస్తే నిరుత్సాహపడనవసరం లేదు, మొదటిసారి వాడిన క్లారిత్రోమైసిన్ వంటి మందును వదిలి వేరే కలయికతో రెండవ కోర్సు ఇస్తారు.

8 వారాలు సరిగ్గా మందులు వాడినా పుండు మానకపోతే వెతకవలసిన వరుస ఇది. మాత్ర వేళకు పడుతున్నదా? ఎక్కడో ఒక నొప్పి మాత్ర ఇంకా లోపలికి పోతున్నదా? బ్యాక్టీరియా పరీక్ష పీపీఐ వాడుతుండగా చేసినదా? పొగ ఆగిందా? మందుకు లొంగనివిగా కనిపించే పుండ్లకు చాలాసార్లు జవాబు ఈ ప్రశ్నల్లోనే దొరుకుతుంది. ఇవేవీ కాకపోతే, ముఖ్యంగా పుండ్లు ఒకటి కంటే ఎక్కువ ఉండి, ఆంత్రమూలం కింది భాగంలోనూ పడి, వాటితోపాటు విరేచనాలు ఉంటే, గ్యాస్ట్రిన్‌ను విపరీతంగా స్రవించే గడ్డ వల్ల వచ్చే అరుదైన జోలింజర్–ఎలిసన్ జబ్బు కోసం రక్తపరీక్ష చేస్తారు. పీపీఐలు కూడా గ్యాస్ట్రిన్‌ను పెంచుతాయి కనుక ఆ పరీక్షకు వాటిని ఎలా ఆపాలో నిపుణుడే చెప్పాలి.

మాత్ర ఎప్పుడు ఆపాలి, ఎవరు కొనసాగించాలి

కారణం తొలగి, పుండు మానినవారు పీపీఐని ఆపవచ్చు. నెలల తరబడి వాడి ఒక్కసారిగా ఆపితే కొద్ది వారాలపాటు యాసిడ్ మామూలు కంటే ఎక్కువగా ఊరి మంట పుడుతుంది. దాన్ని పుండు తిరగబెట్టిందని పొరబడి మళ్లీ మాత్ర మొదలుపెట్టడం వల్లే చాలామంది ఏళ్లపాటు దాన్ని వదల్లేకపోతున్నారు. మోతాదు తగ్గిస్తూ, రోజు విడిచి రోజు వాడుతూ, మధ్యలో యాంటాసిడ్ సాయంతో ఆపితే ఈ ఇబ్బంది తక్కువగా ఉంటుంది. దీర్ఘకాల వాడకం విటమిన్ బి12, మెగ్నీషియం లోపాలతో, కొన్ని పేగు ఇన్ఫెక్షన్లతో, ఎముకల పగుళ్లతో ముడిపడి ఉందని అంటారు. అయితే ఆస్పిరినో నొప్పి మాత్రలో మానలేనివారికి, మునుపు పుండు నుంచి రక్తస్రావం అయి ముప్పు ఇంకా కొనసాగుతున్నవారికి పీపీఐ ఇచ్చే రక్షణ ఆ చిన్న ముప్పుల కంటే ఎంతో ఎక్కువ. వారు భయపడి ఆపకూడదు.

నెలల తరువాత అదే చోట అదే నొప్పి మళ్లీ వస్తే, పాత చీటీ తీసి అవే మాత్రలు కొనకుండా, ముందు బ్యాక్టీరియా పరీక్ష చేయించుకోండి, ఈమధ్య మొదలుపెట్టిన కొత్త మందుల పేర్లు వైద్యుడికి చెప్పండి. ఎండోస్కోపీ నివేదిక, వాడిన యాంటీబయాటిక్‌ల పేర్లు, ఎన్ని రోజులు వాడారు, కోర్సు తరువాత చేసిన పరీక్ష ఫలితం, ఈ నాలుగూ ఒకే చోట భద్రపరచి ఉంటే, ఏ ఆసుపత్రికి వెళ్లినా వైద్యుడు మొదటి రోజే సరైన కోర్సును ఎంచుకోగలడు.